చుక్క కదిలింది, మరి అద్దం కదిలిందా?

సంక్షిప్తంగా: గురుత్వ తరంగాలను, అంటే అంతరిక్షాన్నే కొద్దిగా సాగదీసి కుదించే అలలను, పట్టే పరికరాల్లో వేలాడే పెద్ద అద్దాలు ఎటు చూస్తున్నాయో కనిపెట్టడానికి చిన్న లేజర్ కిరణాలను వాడతారు. ఈ ఏర్పాటును ఆప్టికల్ లివర్ అంటారు. సూత్రం ఇంటర్ విద్యార్థులకు తెలిసినదే. కష్టం రెండు చోట్ల ఉంది: కిరణాన్ని సరిగ్గా కుదర్చడం, కుదిరాక అది చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం.

నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు ఒక సంగతి బాగా గుర్తుంటుంది. గర్భగుడిలో శివలింగం మీది నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతూనే ఉంటాడు. మండపం స్తంభాలను తగిన చోట్ల నిలబెట్టి, వాటి మధ్య నుంచి చెదిరిన వెలుగు మాత్రమే లోపలికి చేరేలా చేయడం వల్ల ఇది సాధ్యమైంది. వెలుగునిచ్చేది కదిలినా నీడ కదలకుండా చూసిన పనితనం అది.

ఇక్కడ చెప్పుకునేది దాన్ని తిరగేసిన సమస్య. వెలుగునిచ్చేది అస్సలు కదలకూడదు. ఎదురుగా ఉన్న అద్దం వెంట్రుకవాసిలో వందో వంతు తిరిగినా చుక్క కదిలి ఆ సంగతి చెప్పాలి. అంతేకాదు, చుక్క కదిలినప్పుడు కదిలింది అద్దమేనని నమ్మకంగా చెప్పగలగాలి. ఈ చివరి షరతు దగ్గరే పనంతా ఉంది.

రెండు లేజర్లు, రెండు పనులు

మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా దగ్గర గురుత్వ తరంగాలను పట్టే లైగో-ఇండియా ప్రయోగశాల రాబోతోంది. 2016 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ దీనికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2023 ఏప్రిల్‌లో సుమారు 2,600 కోట్ల రూపాయల ఖర్చుతో పూర్తి ఆమోదం ఇచ్చింది. ఆ నేల మనకు మరీ కొత్తదేమీ కాదు. 1956 వరకు హింగోలి ప్రాంతం, నల్లగొండ, పాలమూరు అన్నీ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి.

ఈ ప్రాజెక్టు గురించి వార్త వచ్చిన ప్రతిసారీ "లేజర్‌తో గురుత్వ తరంగాలను కొలుస్తారు" అన్న వాక్యం కనిపిస్తుంది. ఆ మాట నిజమే. దాంతోపాటు వచ్చే ఫోటోల్లో సన్నని ఎర్ర కిరణం కనిపిస్తే చాలామంది అదే కొలిచే లేజర్ అనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

అమెరికాలోని రెండు లైగో కేంద్రాలు హాన్‌ఫోర్డ్‌లో ఒకటి, లివింగ్‌స్టన్‌లో ఒకటి ఉన్నాయి. ఒక్కో కేంద్రంలో ఎల్ ఆకారంలో రెండు చేతులు, అంటే కొసల్లో అద్దాలున్న పొడవైన గొట్టాలు, ఉంటాయి. ఒక్కో చేయి పొడవు 4 కిలోమీటర్లు. వాటిలో తిరిగే ప్రధాన లేజర్ తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, అంటే పరారుణ కాంతి. అది కంటికి కనిపించదు. 2015 సెప్టెంబర్ 14న మొదటిసారి గురుత్వ తరంగాన్ని పట్టింది ఆ లేజరే. అప్పుడు చేతుల పొడవులో వచ్చిన తేడా ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు స్థాయిది. ఆ కృషికి రైనర్ వైస్, బ్యారీ బ్యారిష్, కిప్ థోర్న్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎర్ర కిరణం ఆప్టికల్ లివర్‌ది, అది చేసే పని వేరు. అది పొడవును కొలవదు, గురుత్వ తరంగాన్ని చూడలేదు. అద్దం ఎటువైపు తిరిగి ఉందో గుర్తుపెట్టుకోవడమే దాని పని. అయితే అద్దం ముఖం సరైన దిక్కుకు లేకపోతే ప్రధాన లేజర్ పనే మొదలు కాదు. అందుకే ఈ చిన్న కిరణం గురించి విడిగా తెలుసుకోవాల్సి ఉంది.

అద్దంతో ఎండ కొట్టే ఆట

చేతిలో చిన్న అద్దం పట్టుకుని ఎండను ఎదురింటి గోడ మీదికి కొట్టే ఆట తెలియని పిల్లలు ఉండరు. చేయి కొంచెం కదిలితే చాలు, గోడ మీది వెలుగు ఎక్కడికో పోతుంది. గోడ ఎంత దూరంగా ఉంటే వెలుగు అంత ఎక్కువ దూరం పరుగెత్తుతుంది. ఆప్టికల్ లివర్ అంటే ఇదే. తెలుగులో కాంతి మీట అనొచ్చు.

అద్దం ఒక కోణం తిరిగితే, దాని మీద పడి వెనక్కి వచ్చే కిరణం దానికి రెట్టింపు కోణం తిరుగుతుంది. అద్దానికీ సెన్సార్‌కూ మధ్య 10 మీటర్ల దూరం ఉందనుకుందాం. అద్దం ఒక మైక్రోరేడియన్ తిరిగితే చుక్క 20 మైక్రోమీటర్లు జరుగుతుంది. తల వెంట్రుక మందంలో ఇది సుమారు మూడో వంతు. మైక్రోరేడియన్ ఎంత చిన్నదో తెలియాలంటే, ఒక కిలోమీటర్ దూరంలో ఒక మిల్లీమీటర్ తేడా అని గుర్తుంచుకుంటే చాలు. నల్లగొండలో నిలబడి 100 కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌లో ఉన్న ఒక గురి చూస్తే, ఒక మైక్రోరేడియన్ తప్పుకి గురి జానెడు కూడా తప్పదు, 10 సెంటీమీటర్లే.

ఈ పద్ధతి పాతది. జర్మనీకి చెందిన పోగెన్‌డార్ఫ్ 1826లో అద్దం, స్కేలుతో చిన్న కోణాలు కొలిచే విధానాన్ని చెప్పారు. అట్లాంటిక్ సముద్రం కింద వేసిన టెలిగ్రాఫ్ తీగలో వచ్చే బలహీనమైన కరెంటును పట్టడానికి 1858లో విలియం థామ్సన్ అద్దం ఉన్న గాల్వనోమీటర్‌ను వాడారు. ఆయనే తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యారు. మన డిగ్రీ కాలేజీల ల్యాబుల్లో బాలిస్టిక్ గాల్వనోమీటర్ ముందు దీపం, స్కేలు పెట్టి, చుక్క సున్నా మీద నిలిచేదాకా ఊపిరి బిగబట్టిన విద్యార్థులు చేసిందీ ఇదే పని. అణువుల స్థాయిలో ఉపరితలాలను తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌లలో కూడా సన్నని పట్టీ వంపును లేజర్ చుక్కతోనే పసిగడతారు.

ఇప్పుడు స్కేలు చోట్లో నాలుగు గడుల సెన్సార్ ఉంటుంది. నాలుగు పలకల కిటికీలాంటిదని ఊహించుకోవచ్చు. ప్రతి గడి తన మీద పడిన వెలుగుకు తగినంత కరెంటు ఇస్తుంది. పై రెండు గడుల మొత్తం నుంచి కింది రెండిటి మొత్తం తీసేస్తే చుక్క పైకి జరిగిందో కిందికి జరిగిందో తెలుస్తుంది. కుడి నుంచి ఎడమ తీసేస్తే పక్క కదలిక తెలుస్తుంది. వచ్చిన తేడాను నాలుగు గడుల మొత్తంతో భాగిస్తారు. లేజర్ కాస్త మసకబారినా, కాస్త ప్రకాశం పెరిగినా అది కదలికలా కనిపించకుండా ఉండటానికే ఈ భాగహారం.

గుండు దారం సరిపోని చోటు

పాలమూరు నుంచి దేశమంతా వెళ్లి డ్యాములూ కాలువలూ కట్టిన మేస్త్రీలకు నిలువు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. దారానికి కట్టిన గుండు ఎటు వేలాడితే అదే నిలువు. మట్టానికి నీళ్ల పైపు ఉంటుంది. ఇల్లయినా, డ్యామ్ అయినా ఈ రెండిటితో చాలా దూరం పోవచ్చు.

4 కిలోమీటర్ల చేతి దగ్గర మాత్రం గుండు దారం చాలదు. ఒక కొసన వేలాడే గుండు, రెండో కొసన వేలాడే గుండు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. రెండూ భూమి మధ్య వైపే చూస్తాయి కాబట్టి వాటి మధ్య సుమారు 628 మైక్రోరేడియన్ల తేడా వస్తుంది. రెండు అద్దాలనూ ఎక్కడికక్కడ గుండు ప్రకారం నిలువుగా నిలబెడితే అవి ఒకదాన్నొకటి చూడవు. ఒక కొసన మట్టంగా వదిలిన కిరణం 4 కిలోమీటర్ల తర్వాత నేల వంపు వల్ల సుమారు 1.25 మీటర్లు ఎత్తుగా పోతుంది. కిరణం వెళ్లే ఉక్కు గొట్టం వ్యాసమే సుమారు 1.2 మీటర్లు. అంటే రెండు అద్దాలనూ గుండు దారం చెప్పిన నిలువు నుంచి లెక్కకట్టి సుమారు 314 మైక్రోరేడియన్ల చొప్పున వంచాలి.

ఈ అద్దాలను ఒక్కసారి వంచి బోల్టు బిగించి వదిలేద్దామంటే కుదరదు. ఒక్కొక్కటి 40 కిలోల బరువు, 34 సెంటీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల మందం ఉన్న స్వచ్ఛమైన సిలికా గాజు. 0.4 మిల్లీమీటర్ల గాజు తీగల మీద వేలాడుతుంది. దాని పైన మరో మూడు బరువులు ఒకదాని కింద ఒకటి వేలాడుతూ ఉంటాయి. నేల వణుకు అద్దం దాకా రాకూడదని ఇలా కట్టారు. వేలాడేది ఊగకుండా ఉండదు. అది ఒక మైక్రోరేడియన్ పక్కకు తిరిగితే, అక్కడి నుంచి వెనక్కి వెళ్లిన ప్రధాన కిరణం అవతలి కొసన 8 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. వందల సార్లు అటూ ఇటూ తిరగాల్సిన కిరణానికి అది చాలా పెద్ద తేడా.

చుక్కను కుదర్చడం

మొదటి దశలో అద్దాలను సర్వేయర్లు వాడే టోటల్ స్టేషన్ వంటి పరికరాలతో, అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగును బట్టి కోణం చెప్పే ఆటోకాలిమేటర్‌తో గురి చూసి సరైన దిక్కుకు తెస్తారు. రోడ్డు పనుల దగ్గర మూడు కాళ్ల స్టాండు మీద కనిపించే పరికరం కుటుంబమే టోటల్ స్టేషన్. ఆ తర్వాతే ఆప్టికల్ లివర్ పని మొదలవుతుంది.

అద్దం వాక్యూమ్ గదిలో ఉంటుంది. లేజర్, సెన్సార్ బయట స్తంభాల మీద ఉంటాయి. కిరణం ఒక గాజు కిటికీ గుండా లోపలికి వెళ్లి, అద్దానికి తగిలి, మరో కిటికీ గుండా బయటికి రావాలి. చెప్పడానికి ఒక వాక్యం. చేసేటప్పుడు మొదటి చిక్కు చుక్క దొరకకపోవడం కాదు, చాలా చుక్కలు దొరకడం. కిటికీ గాజుకు రెండు ముఖాలున్నాయి, రెండూ కొంచెం కాంతిని వెనక్కి కొడతాయి. అద్దానికీ ముందు ముఖం, వెనక ముఖం ఉన్నాయి. తెల్ల కార్డు అడ్డం పెట్టి చూస్తే నాలుగైదు ఎర్ర చుక్కలు కనిపించొచ్చు. బాగా మెరిసేదే అసలైనదని అనుకుంటే దెబ్బతింటారు.

అసలు చుక్కను గుర్తుపట్టే పద్ధతి తేలిక. కంట్రోల్ రూమ్ నుంచి అద్దాన్ని కావాలని కొద్దిగా ఊపమంటారు. ఊగే చుక్క అద్దానిది. కదలకుండా ఉన్నవి కిటికీ గాజువి. కుదరని కిరణాన్ని గంటల తరబడి కుదర్చడానికి ప్రయత్నించే బదులు ముందే ఈ పరీక్ష చేయడం మేలు. కిటికీ నుంచి వచ్చిన దొంగ చుక్కను పొరపాటున సెన్సార్ మధ్యకు తెస్తే, ఆ లివర్ ఎంతో నిలకడగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది గోడను చూస్తున్నట్టే.

తర్వాత చుక్కను నాలుగు గడుల మధ్యకు తేవాలి. ఇక్కడ తేడాల కన్నా ముందు మొత్తాన్ని చూడాలి. నాలుగు గడుల మొత్తం తక్కువగా ఉంటే చుక్కలో కొంత భాగం సెన్సార్ బయట పడుతోందని అర్థం. చుక్క పూర్తిగా ఒక గడిలోకి వెళ్లిపోయినప్పుడు ఆ తర్వాత ఎంత జరిగినా అంకె మారదు. అంటే సెన్సార్ నిజం చెప్పే మేర చుక్క వెడల్పు వరకే. చుక్క చిన్నదైతే సెన్సార్ బాగా చురుగ్గా ఉంటుంది, చూడగలిగే మేర తగ్గుతుంది. చుక్క పెద్దదైతే మేర పెరుగుతుంది, చురుకు తగ్గుతుంది. రెండూ ఒకేసారి రావు. భూకంపం వచ్చినప్పుడు కూడా చుక్క దొరకాలనుకుంటే కొంత చురుకు వదులుకోవాల్సిందే.

అప్పుడు స్క్రూలు బిగిస్తారు. ఓపికను పరీక్షించే దశ ఇది. బిగించే చేయి వల్లే చుక్క జరుగుతుంది. సరిగ్గా మధ్యలో పెట్టి బిగిస్తే పక్కకు పోతుంది. అనుభవమున్నవాళ్లు అది ఎంత జరుగుతుందో చూసుకుని అంత ముందే ఎదురు దిక్కుకు పెట్టి బిగిస్తారు. బిగించాక కూడా లోహంలోని ఒత్తిడి సర్దుకునేదాకా కొన్ని గంటలపాటు చుక్క మెల్లగా పాకుతుంది. అందుకే పని అయిన వెంటనే వచ్చిన అంకెను చివరి అంకెగా తీసుకోకూడదు.

ఇంకో తనిఖీ ఉంది. అద్దాన్ని కేవలం కిందికి పైకి వంచినప్పుడు సెన్సార్‌లో పక్క కదలిక కూడా కనిపిస్తే, సెన్సార్ కాస్త వాలుగా బిగిసిందన్నమాట. ఆఖరున సెన్సార్‌ను మైక్రోమీటర్ స్క్రూతో తెలిసినంత దూరం జరిపి, అంకె ఎంత మారిందో రాసుకుంటారు. ఇదే కాలిబ్రేషన్. ఇది లేకపోతే వచ్చే అంకెలకు మైక్రోరేడియన్లతో సంబంధం ఉండదు.

వీటన్నిటిలోకీ ఎక్కువగా మరిచిపోయేది సమయం. చుక్కను ఎప్పుడు మధ్యకు తేవాలి? ప్రధాన లేజర్ సాయంతో అద్దం అన్నిటికన్నా మంచి దిక్కుకు వచ్చి నిలిచినప్పుడే. ఆ క్షణంలో పెట్టిన సున్నాకు అర్థం ఉంటుంది. అద్దం ఎటో చూస్తున్నప్పుడు చుక్కను తెచ్చి మధ్యలో పెడితే తప్పు దిక్కునే సరైన దిక్కుగా రాసుకున్నట్టవుతుంది. సున్నాను మనిషి పెడతాడు, ప్రకృతి కాదు. కాబట్టి ఎప్పుడు పెట్టారో, అప్పుడు అద్దం ఎలా ఉందో లాగ్‌బుక్‌లో రాయకపోతే వారం తర్వాత ఆ సున్నాతో ఉపయోగం లేదు.

కదిలింది ఎవరు?

చుక్క కదలడానికి మూడు కారణాలుంటాయి: అద్దం తిరగడం, లేజర్ స్టాండు వంగడం, సెన్సార్ జరగడం. సెన్సార్‌లో వచ్చిన అంకె ఈ మూడిటినీ ఒకేలా చూపిస్తుంది. దాని మీద "ఇది అద్దం కదలిక" అని రాసి ఉండదు.

దూరం పెంచితే అన్నీ బాగుపడతాయన్నది సాధారణంగా వినిపించే మాట. లెక్క వేస్తే అది సగమే నిజం. సెన్సార్ 20 మైక్రోమీటర్లు జరిగిందనుకుందాం. అద్దం నుంచి దూరం 10 మీటర్లయితే అది అద్దం ఒక మైక్రోరేడియన్ తిరిగినట్టు కనిపిస్తుంది. దూరం 30 మీటర్లయితే మూడో వంతే. ఇక్కడ దూరం మేలు చేసింది. ఇప్పుడు లేజర్ వంగడాన్ని చూద్దాం. లేజర్ నుంచి అద్దానికి 10 మీటర్లు, అద్దం నుంచి సెన్సార్‌కు 10 మీటర్లు ఉంటే, లేజర్ ఒక మైక్రోరేడియన్ వంగితే మొత్తం 20 మీటర్ల దారిలో చుక్క 20 మైక్రోమీటర్లు జరుగుతుంది. అద్దం ఒక మైక్రోరేడియన్ తిరిగినా అంతే జరుగుతుంది. రెండు దూరాలూ 10 నుంచి 30 మీటర్లు చేసినా ఆ రెండూ సమానంగానే పెరుగుతాయి. లేజర్ స్టాండు తప్పును దూరం దాచలేదు. అందుకే సెన్సార్ మీద కన్నా లేజర్ నిలబడే స్తంభం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

అద్దం తిరగకుండా ముందుకో వెనక్కో జరిగినా చుక్క కదలొచ్చు. కిరణం 45 డిగ్రీల కోణంలో తగులుతుంటే, అద్దం 10 మైక్రోమీటర్లు ముందుకు వచ్చినప్పుడు చుక్క సుమారు 14 మైక్రోమీటర్లు పక్కకు పోతుంది. దీనికి మంచి ఉపాయం ఉంది. సెన్సార్ ముందు ఒక లెన్స్ పెట్టి, సరిగ్గా దాని నాభి దూరంలో సెన్సార్‌ను ఉంచుతారు. అప్పుడు ఒకే దిక్కు నుంచి వచ్చే కిరణాలు లెన్స్‌లో ఎక్కడ పడినా ఒకే బిందువుకు చేరతాయి. దిక్కు మారితేనే చుక్క కదులుతుంది. జపాన్‌లో కమియోకా గని లోపల 3 కిలోమీటర్ల చేతులతో నడిచే కాగ్రా అనే గురుత్వ తరంగాల పరికరంలో, తిరగడాన్నీ జరగడాన్నీ విడివిడిగా చూడటానికి ఇలాంటి ఆప్టికల్ లివర్లు ఉన్నాయి.

ఎండాకాలం, ఉక్కు స్తంభం

నల్లగొండ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అంత వేడి అక్కర్లేదు, ఒక్క డిగ్రీ చాలు. ఒక మీటర్ ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఉక్కు స్తంభం మీద లేజర్ ఉందనుకుందాం. స్తంభానికి ఒక పక్క రెండో పక్క కన్నా ఒక డిగ్రీ వేడిగా ఉంటే, వేడి పక్క 12 మైక్రోమీటర్లు ఎక్కువ సాగుతుంది. స్తంభం వంగి, పైకొస సుమారు 60 మైక్రోరేడియన్లు వాలుతుంది. పైన చెప్పుకున్న 20 మీటర్ల దారి అయితే సెన్సార్ దగ్గర చుక్క 1.2 మిల్లీమీటర్లు జరుగుతుంది. అద్దం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇక్కడ ముఖ్యం గది ఎంత వేడిగా ఉందన్నది కాదు, వేడి అన్ని పక్కలా ఒకేలా ఉందా అన్నది. ఏసీ గాలి ఒక పక్కే తగలడం, పక్కన కంప్యూటర్ పెట్టడం, కొంతసేపు మనిషి నిలబడటం కూడా చాలు. పగలు ఒక దిక్కుకు, రాత్రి దానికి ఎదురుగా పాకే చుక్క ఉంటే ముందుగా స్తంభాన్నే అనుమానించాలి.

గాలి కూడా కారణమే. వేసవి మధ్యాహ్నం హైదరాబాద్-విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటాక దూరంగా నీళ్లు నిలిచినట్టు కనిపిస్తుంది. వేడి గాలి, చల్ల గాలి పొరలు వెలుగును వంచడం వల్ల వచ్చే ఎండమావి అది. వాక్యూమ్ గది బయట లేజర్ కిరణం ప్రయాణించే ఆ కొద్ది మీటర్లలో కూడా ఇదే జరుగుతుంది, చాలా చిన్న స్థాయిలో. అందుకే ఆ దారికి గొట్టం తొడిగి గాలి కదలకుండా చేస్తారు.

నేలతో వచ్చే చిక్కు

ఆప్టికల్ లివర్ గురించి లోతుగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అది అద్దం కదలికను కొలవదు, నేలతో పోలిస్తే అద్దం ఎంత కదిలిందో కొలుస్తుంది. లేజర్, సెన్సార్ రెండూ నేల మీది స్తంభాలపైనే ఉన్నాయి. నాలుగు అంచెలుగా వేలాడే అద్దం, సెకనుకు కొన్ని ఊపుల కన్నా వేగంగా వచ్చే నేల వణుకును దాదాపు పట్టించుకోదు. ఆ వేగాల దగ్గర కదులుతున్నది నేలే, అద్దం నిలకడగా ఉంటుంది. అప్పుడు సెన్సార్‌లో కనిపించే కదలికను నమ్మి అద్దాన్ని సరిచేయబోతే, నిలకడగా ఉన్న అద్దాన్ని నేలతోపాటు ఊపినట్టవుతుంది. ఇన్ని అంచెలు కట్టి తప్పించిన వణుకును దొడ్డిదారిన మళ్లీ అద్దం మీదికి తెచ్చినట్టే.

కాబట్టి ఈ కిరణం మెల్లని కదలికలకు, పెద్ద ఊపులకు పనికొస్తుంది. సెకనుకు ఒకటి రెండు ఊపులు, గంటల తరబడి సాగే జరుగుడు దాని రాజ్యం. పరికరం గురుత్వ తరంగాల కోసం వినే సెకనుకు పది ఊపులు ఆపై ప్రాంతంలో దాని మాట వినకూడదు, దాని సంకేతాన్ని వడగట్టి ఆపేయాలి.

పెద్ద డ్యాముల్లో కూడా ఇదే ప్రశ్న వస్తుంది. గోడ వంగిందా లేదా చూడటానికి లోపలి బావిలాంటి దారిలో తీగ వేలాడదీస్తారు. తీగను గోడ పైకొసకు కడితే, కింద కొలిచేది పైకొసకూ కిందికీ మధ్య తేడాయే. కింది భాగమే జరిగితే ఆ కొలత చాలదు. అందుకే పునాది కింద రాతిలో లోతుగా కొసను పాతి, పైన నీటిలో తేలే బుంగకు కట్టిన తలకిందుల తీగ కూడా వాడతారు. దేన్ని కదలనిదిగా తీసుకున్నామన్నదే అక్కడా ఇక్కడా అసలు ప్రశ్న.

ఈ లోటు తీర్చడానికి ఒకే సాధనాన్ని నమ్ముకోరు. అద్దాన్ని వేలాడదీసిన చట్రం మీదే నీడ సెన్సార్లు ఉంటాయి. చిన్న దీపం నుంచి వెలుగు వస్తుంటే, వేలాడే బరువుకు అతికించిన చిన్న ముక్క దానికి కొంత అడ్డొస్తుంది. నీడ పెరిగితే ఒకవైపు, తగ్గితే మరోవైపు జరిగినట్టు. ఇవి చట్రంతో పోల్చి చెబుతాయి, ఆప్టికల్ లివర్ నేలతో పోల్చి చెబుతుంది. చేతుల్లో కాంతి కుదురుకున్నాక ప్రధాన లేజర్ తరంగం ముఖం వాలును చూసే సెన్సార్లు రంగంలోకి వస్తాయి. అవి అద్దాలను ఒకదానితో ఒకటి పోల్చి చెబుతాయి కాబట్టి అన్నిటికన్నా నమ్మదగినవి. కాకపోతే ప్రధాన కాంతి చేతుల్లో నిలిచి ఉన్నంతసేపే అవి పనిచేస్తాయి. అది పోగానే అవి గుడ్డివైపోతాయి. ఆ చీకట్లో అద్దం అంతకుముందు ఎటు చూసిందో చెప్పగలిగేది చిన్న ఎర్ర కిరణమే.

మూడు సాధనాల అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కదిలింది ఎవరో తేలుతుంది. ఆప్టికల్ లివర్ మాత్రమే జరుగుడు చూపించి, మిగతా రెండూ నిలకడగా ఉంటే తప్పు స్తంభానిది. చుక్క ఊగే వేగం అద్దం వేలాడే వ్యవస్థకు సహజమైన ఊపు వేగంతో కలిస్తే ఊగుతున్నది అద్దమే. నాలుగు గడుల మొత్తం కూడా పడిపోతే లేజర్‌నో, దారిలో అడ్డొచ్చినదాన్నో చూడాలి.

భూకంపం వచ్చి వెళ్లాక

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపాన్ని తెలంగాణలో చాలా జిల్లాల వాళ్లు గమనించారు. కొన్ని క్షణాల్లో ఇళ్లలోని ఫ్యాన్లు, గిన్నెలు ఊగి ఆగిపోయాయి. వేలాడే అద్దాలకు అంత దగ్గరి భూకంపం అవసరం లేదు. వేల కిలోమీటర్ల అవతల వచ్చిన పెద్ద భూకంపం తాలూకు మెల్లని అలలు కూడా వాటిని ఊపేస్తాయి. చేతుల్లో నిలిచిన కాంతి చెదిరిపోతుంది, పరిశీలన ఆగిపోతుంది.

అలలు తగ్గాక ప్రతి అద్దాన్నీ మళ్లీ పాత దిక్కుకు తేవాలి. ఒక్కో అద్దానికి రెండు కోణాలు, కిందికి పైకి ఒకటి, పక్కలకు ఒకటి. నాలుగు పెద్ద అద్దాలకే ఎనిమిది కోణాలు. ఇంకా దారి మళ్లించే అద్దాలు వేరే ఉన్నాయి. గుర్తు లేకుండా ఇన్ని కోణాలను వెతకడం అంటే చీకట్లో తాళం చెవి వెతికినట్టే. ముందే పెట్టుకున్న సున్నాలు నమ్మదగినవైతే ఒక్కో చుక్కను దాని సున్నాకు తెచ్చేసరికి ప్రధాన కిరణం అవతలి అద్దం దగ్గరికి చేరిపోతుంది. మిగతా సన్నని సర్దుబాటు ప్రధాన లేజర్ సెన్సార్లు చూసుకుంటాయి. చుక్క కుదర్చడానికి పడిన శ్రమ అంతా ఈ కొద్దిసేపటి కోసమే. ఆ సమయం ఎంత తగ్గితే పరికరం ఆకాశాన్ని వినే గంటలు అంత పెరుగుతాయి.

హింగోలిలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. అక్కడి నేల దక్కన్ నల్లరాయి, మన దక్షిణ తెలంగాణది ఎక్కువగా గ్రానైట్. రెండూ గట్టి నేలలే. అయినా హింగోలి జిల్లాలో 2024లో 4.5 తీవ్రతతో భూకంపాలు నమోదయ్యాయి. దక్కన్ ఎండ కూడా ఉంది. గది లోపల ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచడం, స్తంభాలను నేలకు గట్టిగా పట్టించడం, కిరణం దారిని కప్పడం అక్కడ పనిచేసేవాళ్లకు రోజువారీ పనులవుతాయి. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రం వంటివి ఈ ప్రాజెక్టులో ఉన్నాయి. ఇలాంటి పరికరానికి ఖగోళ శాస్త్రజ్ఞులు ఎంత కావాలో, స్క్రూ బిగించినప్పుడు చుక్క ఎటు పోతుందో చూసే ఓపిక ఉన్న టెక్నీషియన్లూ అంతే కావాలి.

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీల పరిధిలోని ఏ డిగ్రీ కాలేజీలోనైనా ఈ పనికి చిన్న నమూనా చేయవచ్చు. ఒక లేజర్ పాయింటర్, బల్లకు గట్టిగా బిగించిన ఒక చిన్న అద్దం, 10 మీటర్ల దూరంలో గోడకు అతికించిన గ్రాఫ్ కాగితం, ఒక థర్మామీటర్ చాలు. కిరణం ఎవరి కంట్లోనూ పడని ఎత్తులో పెట్టాలి. సాయంత్రం మొదలుపెట్టి గంటకోసారి చుక్క ఉన్నచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పక్కన సమయం, ఉష్ణోగ్రత రాసుకోవాలి. రెండో రోజు లేజర్ స్టాండు మార్చి, అద్దాన్ని ముట్టకుండా అదే మళ్లీ చేయాలి. రెండు రోజుల గుర్తులను పక్కపక్కన పెట్టి, స్టాండు మారినప్పుడు జరుగుడు మారిందా లేదా చూస్తే, ఆ చుక్కను కదిలించింది ఎవరో విద్యార్థులే తేల్చగలరు.